పట్టా తర్వాతి పరీక్ష

సండూరు, తోరణగల్లు, హొసపేట, బళ్ళారి చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్ళలో తరచూ వినబడే మాట ఒకటుంది: బీఈ అయిపోతే బయటికి పంపించేద్దాం. బయటికి అంటే అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ, అవేవీ కుదరకపోతే గల్ఫ్. వీసా ఎలా వస్తుంది, ఏ కన్సల్టెన్సీ నమ్మదగ్గది, ఏ బ్యాంకు ఎంత అప్పిస్తుంది అన్నవాటికి జవాబు చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. వెళ్ళినవాడు పదేళ్ళ తర్వాత ఇంజనీరుగానే ఉన్నాడా, ఇంకేదో పనిలో సర్దుకుపోయాడా అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. ఈ పూట నేను మాట్లాడేది ఆ రెండో ప్రశ్న గురించి. దానికి జవాబు వెతుక్కుంటూ చాలా దూరం పోనక్కర్లేదు. సండూరు గనుల్లో ఒక పద్ధతి డెబ్బై ఏళ్ళకు పైగా నడుస్తోంది. అది ఎందుకుందో తెలిసినవాడికి టొరంటోలోనైనా పెర్త్‌లోనైనా తనకు ఏం ఎదురవుతుందో ముందే తెలుస్తుంది.

సండూరు మాంగనీస్ అండ్ ఐరన్ ఓర్స్ కంపెనీ 1954లో పుట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎమ్‌డీసీ వారి దోణిమలై గని 1977లో మొదలైంది. వీటిలో ఎక్కడైనా సరే, మైనింగ్‌లో బీఈ పట్టా పుచ్చుకుని వచ్చిన కుర్రవాణ్ణి తీసుకుపోయి మేనేజరు కుర్చీలో కూర్చోబెట్టరు. కూర్చోబెడదామన్నా చట్టం ఒప్పుకోదు. ధన్‌బాద్‌లో ఉన్న గనుల భద్రతా శాఖ, అందరూ డీజీఎంఎస్ అని పిలిచేది, ఇచ్చే సర్టిఫికెట్టు ఉండాలి. మేట్‌కు ఒక సర్టిఫికెట్టు, బ్లాస్టర్‌కు ఒకటి, ఫోర్‌మన్‌కు ఒకటి, చిన్న గని మేనేజరుకు సెకండ్ క్లాస్, పెద్ద గనికి ఫస్ట్ క్లాస్. ఆ మేనేజరు పరీక్షకు కూర్చోవాలంటే గనిలో ఎన్నేళ్ళు పనిచేశాడో, ఏ పని చేశాడో అక్కడి మేనేజరు రాసిచ్చిన అనుభవ పత్రం చూపించాలి. ప్రథమ చికిత్స నేర్చుకున్నట్టు కాగితం కావాలి, ఒంట్లో బాగుందని డాక్టరు రాయాలి, గనుల చట్టం మీద పరీక్ష నెగ్గాలి. పట్టా ఉన్నవాడికి కొన్ని మినహాయింపులు దొరుకుతాయి, కానీ పట్టా ఒక్కటే చాలదు. ఇతనికి విషయం తెలుసని యూనివర్సిటీ చెబుతుంది. ఇతని మాట మీద మనుషుల్ని గనిలోకి పంపవచ్చునని సర్టిఫికెట్టు చెబుతుంది. రెండూ ఒకటే అనుకునేవాడు సండూరులో ఎవడూ ఉండడు.

ఈ కట్టుదిట్టం ఊరికే రాలేదు. 1897లో మన రాష్ట్రంలోని కోలారు బంగారు గనుల్లో జరిగిన ప్రమాదంలో 52 మంది చనిపోయారు. 1899లో బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది పోయారు. ఆ చావుల తర్వాతే 1901లో తొలి గనుల చట్టం, 1902లో తనిఖీ శాఖ వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1952 నాటి చట్టం ఆ పద్ధతిని స్థిరపరిచింది. గని బయటికి వస్తే సంగతి వేరు. మన దేశంలో వకీలుకు 1961 నాటి చట్టం ఉంది, ఆర్కిటెక్టుకు 1972 నాటి చట్టం ఉంది, డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీర్లకు దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. బాయిలర్ల దగ్గర, కరెంటు పనుల దగ్గర, నగరాల్లో ఇంటి ప్లాన్ల మీద సంతకానికి కొన్ని లైసెన్సులున్నాయి, అంతే. కాన్వొకేషన్ రోజున పట్టా చేతికొస్తే ఆ సాయంత్రం నుంచే అతను ఇంజనీరు. కాబట్టి మన మెకానికల్ కుర్రాడు పరాయి దేశంలో దిగగానే, నువ్వు ఇంజనీరువని ఎవరన్నారు అని అడిగితే అవమానంగా తీసుకుంటాడు. మైనింగ్ చదివినవాడికి ఆ ప్రశ్న కొత్త కాదు.

బయటి దేశాల్లో చాలాచోట్ల గనికి పెట్టిన రూలే వంతెనకూ పెట్టారు, భవనానికీ పెట్టారు. 1937 మార్చిలో టెక్సాస్ రాష్ట్రంలోని న్యూ లండన్ ఊళ్ళో గ్యాస్ లీకై బడి పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది పిల్లలు. ఆ ఏడే టెక్సాస్ ఇంజనీర్ల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. నేడు అమెరికాలో ప్రజల కోసం కట్టే నిర్మాణం డ్రాయింగు మీద సంతకం పెట్టి ముద్ర వేయాలంటే పీఈ, అంటే ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సు కావాలి. ముందు ఎఫ్‌ఈ అనే పరీక్ష, తర్వాత మామూలుగా నాలుగేళ్ళ అనుభవం, ఆపైన పీఈ పరీక్ష. ఆ లైసెన్సు కూడా రాష్ట్రానిది, దేశానిది కాదు. కెనడాలో ప్రతి ప్రావిన్సుకూ ఒక నియంత్రణ సంస్థ ఉంది; లైసెన్సు లేనివాడు తన పేరు పక్కన ప్రొఫెషనల్ ఇంజనీరు అని రాసుకోకూడదు. జర్మనీలో ఇంగెనియర్ అనే బిరుదుకు చట్టరక్షణ ఉంది. అందువల్ల నేను చెప్పదలుచుకున్నది ఇంతే: సరిహద్దు దాటించేది వీసా అయినా, ఇంజనీరుగా నిలబెట్టేది చేసిన పనికి చూపించగల రుజువు. ఆ రుజువు అక్కడికి వెళ్ళాక తయారుకాదు. చాలా భాగం ఇక్కడే, కాలేజీలో ఉన్నప్పుడూ తొలి ఉద్యోగంలో ఉన్నప్పుడూ తయారుకావాలి.

ఇది పుస్తకాల మాట అనుకునేవాళ్ళు 2018లో కువైట్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. ఇంజనీరు హోదాతో ఉన్న విదేశీయుల రెసిడెన్సీ రెన్యూ కావాలంటే కువైట్ ఇంజనీర్ల సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలని అక్కడి ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ సంఘం భారతీయుల విషయంలో ఎన్‌బీఏ, అంటే మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ గుర్తించిన కోర్సులనే లెక్కలోకి తీసుకుంటానంది. ఎన్‌బీఏ పుట్టిందే 1994లో, స్వతంత్ర సంస్థ అయింది 2010లో. అంతకుముందు చదివినవాళ్ళ సంగతేమిటి? పేరున్న కాలేజీలో చదివినా ఆ బ్రాంచికి ఎన్‌బీఏ లేనివాళ్ళ సంగతేమిటి? ఏళ్ళ తరబడి అక్కడ పనిచేస్తున్నవాళ్ళు కూడా ఒక్కసారిగా చిక్కులో పడ్డారు. వంతెన కూలలేదు, పంపు పేలలేదు, ఎవరి పనిలోనూ తప్పు దొరకలేదు; కాగితంలో దొరికింది. మన ప్రభుత్వం కువైట్‌తో మాట్లాడాల్సి వచ్చింది. నా లెక్కలో అది కువైట్ మొండితనమెంతో మన అలసత్వమూ అంతే. పట్టా విలువను ఎవరు ఎలా తూకం వేస్తారో దశాబ్దాలపాటు మనం పట్టించుకోలేదు.

ఇక్కడ వాషింగ్టన్ ఒప్పందం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అడ్మిషన్ల కాలంలో దాని పేరు వాడుకునేవాళ్ళున్నారు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లండ్ 1989లో ఒక మాటకు వచ్చాయి: ఒకరు గుర్తించిన ఇంజనీరింగ్ కోర్సును మిగతావాళ్ళు సమానంగా చూడాలి. భారత్ 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం పొందింది. వినడానికి బాగుంది. అయితే ఎన్‌బీఏ గుర్తింపులో రెండు అంచెలున్నాయి. యూనివర్సిటీలకూ స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకూ టైర్ 1, యూనివర్సిటీకి అనుబంధంగా నడిచే కాలేజీలకు టైర్ 2. వాషింగ్టన్ ఒప్పందం కిందికి వచ్చేది టైర్ 1 మాత్రమే. పైగా గుర్తింపు కాలేజీ మొత్తానికి ఇవ్వరు, బ్రాంచి బ్రాంచికి విడిగా ఇస్తారు. మూడేళ్ళకో ఆరేళ్ళకో గడువు. ఒకే కాంపౌండులో మెకానికల్‌కు ఉండి సివిల్‌కు లేకపోవచ్చు. బెళగావి విశ్వేశ్వరయ్య యూనివర్సిటీ కింద గానీ, అటు అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ జేఎన్‌టీయూల కింద గానీ చదివే లక్షల మందిలో టైర్ 1 పరిధిలోకి రానివాళ్ళే ఎక్కువ. ఇంకొక ముఖ్యమైన సంగతి: ఆ ఒప్పందం చదువును గుర్తిస్తుంది, లైసెన్సు ఇవ్వదు. గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అక్కడినుంచి మీరే నడవాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. సండూరులోనో కూడ్లిగిలోనో చదువుకున్న పిల్లవాడికి టైర్ 1, టైర్ 2 ఎవరు చెప్పారు? సీటు ఎక్కడొస్తే అక్కడ చేరాడు, ఫీజు ఎంతంటే అంత కట్టారు. తప్పు అతనిది కాదు, ఒప్పుకుంటాను. అందుకే అతని చేతిలో ఉన్న దారి గురించి చెప్పాలి. ఆస్ట్రేలియాలో వలస వచ్చే ఇంజనీర్ల అర్హత చూసేది ఇంజనీర్స్ ఆస్ట్రేలియా. ఒప్పందం కిందికి రాని పట్టాతో వచ్చినవాడిని అది తలుపు దగ్గరే వెనక్కి పంపదు. సీడీఆర్ అనే నివేదిక అడుగుతుంది. అందులో అసలు సరుకు మూడు వ్యాసాలు. తన జీవితంలో చేసిన మూడు ఇంజనీరింగ్ పనుల గురించి, ఒక్కోటి 1000 నుంచి 2500 మాటల్లో, ప్రతి పేరాకూ నంబరు వేసి రాయాలి. మా టీమ్ చేసింది, కంపెనీ చేసింది అంటే కుదరదు; తానేం చేశాడో చెప్పాలి. తర్వాత ఏ నైపుణ్యం ఏ పేరాలో కనిపిస్తుందో పట్టిక వేయాలి. ఎక్కడినుంచో ఎత్తిరాశాడని తేలితే తిరస్కరించి, మళ్ళీ దరఖాస్తు పెట్టనివ్వకుండా కొంతకాలం నిషేధిస్తారు. కెనడా పద్ధతీ ఇంచుమించు అటే నడుస్తోంది. అక్కడ చాలా ప్రావిన్సులు అనుభవాన్ని 34 సామర్థ్యాలుగా విడదీసి, ఒక్కోదానికి ఉదాహరణ చూపించమంటాయి, దాన్ని ధ్రువీకరించే పై ఇంజనీరు పేరు అడుగుతాయి.

ఇది ఎలాంటి రాతో సండూరు పనిలోంచే చూద్దాం. ఖనిజం నలగగొట్టే ప్లాంటులో కన్వేయర్ బెల్టు ఒక పక్కకు జరిగిపోతోంది అనుకోండి. అంచు చిరుగుతోంది, ఫైన్స్ కింద రాలి గుట్ట పడుతున్నాయి, షిఫ్టుకు రెండుసార్లు బెల్టు ఆపాల్సి వస్తోంది. మన కుర్రాడు బయోడేటాలో ఏమని రాస్తాడు? కన్వేయర్ల మెయింటెనెన్స్ చూశాను అని. ఆ వాక్యం పదివేల మంది రాయగలరు. బెల్టు ఏ దగ్గర జరగడం మొదలైందో కొలిచాడా, ఐడ్లర్ రోలర్లలో ఏవి తిరగకుండా బిగుసుకుపోయాయో చూశాడా, చ్యూట్ లోంచి ఖనిజం బెల్టు నడిమధ్యన పడుతోందా ఒక పక్కకు పడుతోందా, టెయిల్ పుల్లీ వరస తప్పిందా? ఇన్ని కారణాల్లో ఒకటి అని ఎలా తేల్చాడు? చ్యూట్ మార్చడమా, రోలర్లు మార్చడమా అన్నప్పుడు ఖర్చు ఎంతని లెక్కవేశాడు? మార్చాక నెలలో ఎన్ని గంటలు బెల్టు ఆగడం తగ్గింది? ఇవి తేదీలతో, అంకెలతో ఉంటే అది రుజువు. చేసినవాళ్ళు మన దగ్గర కోకొల్లలు. రాసి పెట్టుకున్నవాళ్ళే లేరు. షిఫ్టు లాగ్‌బుక్కు కంపెనీ ఆస్తి, దాన్ని ఇంటికి తీసుకుపోకూడదు, ఫొటోలూ తీయకూడదు. కానీ తాను నేర్చుకున్నది తన నోట్‌బుక్‌లో తన మాటల్లో రాసుకోవడాన్ని ఎవరూ కాదనరు. రెండు మూడేళ్ళ తర్వాత గుర్తు చేసుకుని రాద్దామంటే అంకెలు గుర్తుండవు. అంకెలు లేనిచోట కన్సల్టెన్సీవాడు తయారుగా పెట్టుకున్న వ్యాసం అమ్ముతాడు, అది వంద మందికి అమ్మినదే అయి ఉంటుంది.

రెండో అభ్యంతరం అందరూ అడిగేదే. సాఫ్ట్‌వేర్‌కు ఇవేవీ అక్కర్లేదు కదా? నిజమే. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కు పీఈ పరీక్ష 2013లో పెట్టి, రాసేవాళ్ళు లేక 2019లో ఎత్తేశారు. 1990 నాటి చట్టంతో హెచ్1బీ వీసా వచ్చింది, 2000 సంవత్సరం కంప్యూటర్ల గొడవ వచ్చింది, లైసెన్సు అడగని ఆ ఒక్క తలుపు గుండా తెలుగువాళ్ళు వేలుగా వెళ్ళారు. ఇప్పుడు మంజూరయ్యే హెచ్1బీల్లో పదింట ఏడు వంతులు భారతీయులవే. దానివల్ల ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో నాకు తెలుసు, చిన్నచూపు చూడను. కానీ ఆ తలుపుకు తాళం లేదు కాబట్టి లోకంలో ఏ తలుపుకూ తాళం ఉండదని మనకు ఒక నమ్మకం ఏర్పడింది. సివిల్ చదివినవాడు, మెకానికల్ చదివినవాడు, చివరికి మెటలర్జీ చదివినవాడు కూడా ఆర్నెల్ల కోర్సు చేసి టెస్టింగ్‌లోకి దూరిపోయాడు. అతను ఇంజనీరు కెరీర్ కట్టుకున్నట్టా, వదులుకున్నట్టా? ఇష్టపడి మారితే మంచిదే. దారి తెలియక మారితే మాత్రం నాలుగేళ్ళ చదువు, అతని వెనక పెట్టిన డబ్బు, రెండూ వృథా. సాఫ్ట్‌వేర్‌లోనూ రుజువు తప్పదు, కాకపోతే ఒకసారి కాదు, ఉద్యోగం మారిన ప్రతిసారీ ఇంటర్వ్యూలో ఇచ్చుకోవాలి.

వీసానే నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూడండి. హెచ్1బీ ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్ళకు అదనంగా 20,000. 2001 నుంచి మూడేళ్ళు అది 1,95,000 దాకా పెరిగి మళ్ళీ కిందికి దిగింది. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికీ ఏడు శాతం మించకూడదనే పరిమితి వల్ల భారతీయుల క్యూ దశాబ్దాల పొడవుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకొకటి వెతుక్కోవాలి. 2025 సెప్టెంబరులో, దేశం బయటున్నవారి కోసం వేసే కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇవి ఏవీ ఇంజనీరు చేతిలో లేవు. హైదరాబాద్ వాడైన సత్య నాదెళ్ళ అప్పటికే మైక్రోసాఫ్ట్‌లో ఉండి కూడా, భార్యను తెచ్చుకోవడానికి 1994లో చేతిలో ఉన్న గ్రీన్‌కార్డు వదిలి హెచ్1బీకి మారారు. ఆ సంగతి ఆయనే తన పుస్తకంలో చెప్పుకున్నారు. ఈ గొడవలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆడపిల్లలు. భర్త హెచ్1బీ మీద వెళ్తే హెచ్4 అనే ఆశ్రిత వీసా మీద వెళ్ళిన భార్య, ఆమెది కూడా బీటెక్కే అయినా, 2015 మే దాకా జీతానికి పనిచేయడానికి వీల్లేదు. ఆ తర్వాతైనా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే పర్మిట్టు. ఇన్నేళ్ళ ఖాళీని ఏ కంపెనీ ఊరికే చూసీచూడనట్టు పోదు. పెళ్ళి మాట్లాడేటప్పుడు అబ్బాయి జీతం అడిగే పెద్దలు అమ్మాయి చదువు అక్కడ ఏమవుతుందో కూడా అడగాలి. ఆ ఖాళీలోనే ఎఫ్‌ఈ పరీక్ష రాయవచ్చు. దానికి పని పర్మిట్టు అక్కర్లేదు.

రుజువు లేనిచోట కాగితం కొనుక్కునే అలవాటు మనవాళ్ళకు చాలా చేటు తెచ్చింది. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ అనేదాన్ని మూసేశారు. అది వీసాలమ్మే దుకాణం. అందులో పేర్లున్నవాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకు నిఘా పరికరాలు కట్టారు. ఎనిమిదేళ్ళకు, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వాధికారులే, వల పన్ని. తొలి విడతలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వల పన్నడం న్యాయమా అని అక్కడి వాళ్ళే అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. అయినా పాఠాలు లేని యూనివర్సిటీలో ఫీజు కట్టిన ఇంజనీరింగ్ పట్టభద్రుడికి తాను ఏం కొంటున్నాడో తెలియదనుకోలేం. దొంగ అనుభవం పెట్టి, ఇంకొకరిచేత ఇంటర్వ్యూ ఇప్పించడం కూడా ఈ కోవలోదే. సండూరులో దొంగ అనుభవ పత్రంతో బ్లాస్టర్ అయినవాడిని మనం ఏమంటాం?

ఇక మూడో అభ్యంతరం: ఈ లైసెన్సులన్నీ భద్రత పేరుతో తమవాళ్ళ ఉద్యోగాలు కాపాడుకోవడానికే. ఇందులో నిజముంది. కెనడాలో అంటారియో ఇంజనీర్ల సంస్థ దశాబ్దాలపాటు ఒక షరతు పెట్టింది: అనుభవంలో ఒక ఏడాదైనా కెనడాలో సంపాదించినదై ఉండాలి. లైసెన్సు లేక ఇంజనీరు ఉద్యోగం రాదు, ఉద్యోగం లేక ఆ ఏడాది రాదు. పదిహేనేళ్ళు వంతెనలు కట్టినవాడు టాక్సీ నడపడం ఆ షరతు పుణ్యమే. దాన్ని మానవ హక్కుల సంఘం తప్పుపట్టింది, ప్రభుత్వం 2021లో చట్టం చేసింది, చివరికి 2023 మేలో ఆ సంస్థ షరతును తీసేసింది. తీసేశాక ఏ ప్రమాదమూ ముంచుకు రాలేదంటే అది అంతకాలం ఎందుకుందో ఊహించుకోవచ్చు. కానీ ఒకటి గమనించండి. తీసేసింది ఎక్కడ పనిచేశావన్న షరతును. ఏం చేశావు, చూపించు అన్న షరతును తీసేయలేదు, తీసేయకూడదు కూడా. కోలారులో 52 మంది చనిపోయాక పుట్టిన సర్టిఫికెట్టును స్వార్థమని ఎవరూ అనరు. మొదటి షరతుతో పోట్లాడాలి, రెండోదానికి సిద్ధపడాలి.

ఏం చేశావో చూపించడం అన్నప్పుడు కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి పేరు తప్పక వస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. 1958లో మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ ముగించారు. ఆస్ట్రేలియా వెళ్ళి న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేశారు, అక్కడి ఐబీఎంలో పనిచేశారు, ఆ తర్వాత అమెరికా వెళ్ళి 1966లో స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ సైన్సులో డాక్టరేట్ తీసుకున్నారు. 1969 నుంచి కార్నెగీ మెలన్‌లో ఉన్నారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. అంతటి మేధావిని మామూలు పిల్లలకు చూపించి లాభమేమిటని అనవచ్చు. మేధను పక్కన పెట్టండి, వరస చూడండి. ఏ దేశంలోనూ ఆయన గిండీ పట్టాను పట్టుకుని కూర్చోలేదు. రెండు దేశాల్లోనూ అక్కడివాళ్ళు తూకం వేయగల పని కొత్తగా చేసి చూపించారు, ఒక దేశంలో చేసినది ఇంకొక దేశానికి ఆధారమైంది. సివిల్ నుంచి కంప్యూటర్లకు మారడం కూడా తోచక చేసింది కాదు. మధ్యలో మాస్టర్సూ, కొన్నేళ్ళ ఉద్యోగమూ ఉన్నాయి.

మళ్ళీ మన ఖనిజం దగ్గరికి వద్దాం. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాలో తవ్వేదీ హెమటైటే, దోణిమలైలో తవ్వేదీ హెమటైటే. బెంచీలు, హాల్ రోడ్లు, బ్లాస్టింగ్ ప్యాటర్న్, లంప్స్, ఫైన్స్, అన్నీ తెలిసిన మాటలే. ఇక్కడ ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్టు ఉన్నంత మాత్రాన అక్కడ చట్టబద్ధమైన పదవి దొరకదు. గనుల భద్రతా చట్టం అక్కడ రాష్ట్రానికొకటి, ఆ రాష్ట్రపు చట్టం మీద అర్హత సంపాదించాలి. పని తీరూ మారింది. రియో టింటో కంపెనీ పిల్బరాలో డ్రైవరు లేని డంపర్లను 2008 నుంచి తిప్పుతోంది, డ్రైవరు లేని ఖనిజం రైళ్ళను దాదాపు 1500 కిలోమీటర్ల దూరాన పెర్త్‌లో కూర్చుని చూసుకుంటోంది. సండూరు నుంచి వెళ్ళే కుర్రాడికి రాతి సంగతి తెలుసు, అది చిన్న విషయం కాదు. దానికి తోడు కొంత కంట్రోల్ సిస్టమ్స్, కొంత డేటా చదవడం వస్తే అతన్ని మించినవాడు ఉండడు. చదివినదాన్ని వదిలి సాఫ్ట్‌వేర్‌కు పోవడం ఒకటి, చదివినదానికి సాఫ్ట్‌వేర్‌ను కలుపుకోవడం ఇంకొకటి. ఈ రెండో దారి మన పిల్లలకు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

అసలు వెళ్ళడం ఎందుకు, ఇక్కడే పని లేదా అని అడిగే పెద్దలున్నారు. ఉంది. తోరణగల్లులో 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ప్రభుత్వ ఉక్కు కర్మాగారం రాలేదు గానీ, 1990ల్లో జిందాల్ వారిది వచ్చింది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన ఇంజనీర్లు అక్కడ పనిచేస్తున్నారు. వాళ్ళకు మన ఊరే పరాయి నేల. అయితే 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకం ఆపమన్నప్పుడు, ఎన్‌ఎమ్‌డీసీకి తర్వాత పరిమితంగా అనుమతి దొరికినా, ఎన్నో గనులు చాలాకాలం మూతబడ్డాయి. అక్రమాల మీద ఆ తీర్పు అవసరమే. కానీ తప్పు చేయని ఇంజనీరూ ఇంట్లో కూర్చున్నాడు. ఊళ్ళోనే ఉంటానన్నవాడికి కూడా తన పని ఇంకొక చోట చెల్లేలా రాసి ఉంచుకోవడం అవసరమని ఆ కాలం చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. ఈ వారంలో మీ అబ్బాయో అమ్మాయో చదువుతున్న కాలేజీ పేరు కాదు, బ్రాంచి పేరు ఎన్‌బీఏ జాబితాలో వెతకండి. ఉంటే టైర్ 1లో ఉందా, టైర్ 2లో ఉందా, గడువు ఏ సంవత్సరం దాకా ఉందో రాసిపెట్టుకోండి. లేకపోతే వెళ్ళి ప్రిన్సిపాల్‌ను అడగండి: దరఖాస్తు చేశారా, చేయకపోతే ఎప్పుడు చేస్తారు? నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు. ఫీజు కట్టినవాళ్ళకు అడిగే హక్కుంది.